జిల్దుల దుకాణం సీసా

నన్నే సాహెబ్ చేతుల పడ్డ పుస్తకం ఎంత చినిగిపోయి వచ్చినా, పెండ్లికొడుకు లెక్క తయారై బయటికి పోతదని సికింద్రాబాద్ మోండా మార్కెట్ల అందరికీ ఎర్కే. జిల్దులు కట్టే పని ఆయనది. తోలు అట్ట తొడిగి, దాని మీద బంగారు అక్షరాలు గుద్ది ఇచ్చేటోడు. బంగారు రేకు తోలుకు ఊర్కెనే అంటదు గద. కోడిగుడ్డు తెల్లసొనను గిలకొట్టి, పల్చటి గుడ్డల వడగట్టి, చిన్న సీసాలల్ల పోసి పెట్టుకుంటడు. ఆ సొన తోలు మీద పూసి, రేకు పరిచి, కాల్చిన ఇత్తడి అచ్చు అద్దితే అక్షరం ఇగ చెరగదు.

జర్మనోళ్ల లడాయి కాలం నుంచి పట్నంల గాజు సీసాకు కరువు. అందరు దవాఖానలకు సీసాలు దొరకక తండ్లాడుతుంటే, నన్నే సాహెబ్ దుకాణం గూట్లె మాత్రం వరుసగ నిలవడి ఉండేవి. పాత సొన అయిపోంగనే కడిగి బోర్లిచ్చేటోడు. చన్నీళ్లతోనే కడగాలె, వేడినీళ్లు అస్సలు తాకనియ్యొద్దు, వేడి తాకితే సొన ఉడికి గాజుకు పట్టుకుంటదని వాళ్ల నాయిన చిన్నప్పుడే నేర్పిండు. ఆ మాట మీదనే ఉన్నడు మనిషి. గోడలకు ఎండిన సొన సన్నటి వార్నిష్ లెక్క మిగిలినా కంటికి కనవడది, పనికి అడ్డం రాదు. అందుకని దాని గురించి ఎన్నడూ పరేషాన్ కాలే.

ఆయన భార్య జాన్ బీ. ఇద్దరిదీ భువనగిరి దిక్కు, ఇంట్ల తెలుగు మాటే. పెండ్లయి ఏండ్లు గడిచి, ఇగ మనకు పిల్లలు లేరు అనుకున్నంక, ఆ ఏడు రంజాన్ నెలల ఆడపిల్ల పుట్టింది. షాహీదా అని పేరు పెట్టిండ్రు. ఆ పొల్లను చూసుకొని నన్నే సాహెబ్ ఎంత మురిసిండంటే, దుకాణంల గిరాకి కూసుండంగనే లేసి ఇంటికి పోయి, ఒక్కసారి మొఖం చూసి మళ్ల వచ్చేటోడు.

ఆ సంబురం ఇంకా కుదురుకోనే లేదు, యూనియన్ ఫౌజు వచ్చే, చూస్తుండంగనే నిజాం రాజ్యం కూలే. దానికి పోలీస్ యాక్షన్ అని పేరు పెట్టిండ్రు. ట్యాంకులు ఎక్కి వచ్చేటోళ్లు పోలీసులు ఎట్లయితరో, పేరు పెట్టినోళ్లకే తెల్వాలె! బజార్లు మూతవడ్డయి. దఫ్తర్ల రిజిస్టర్లకు జిల్దులు కట్టే పని ఆగింది. తెలిసినోడు ఎదురొచ్చినా సలాం గొంతుల్నే మింగి పోయే దినాలు.

గప్పుడే జాన్ బీ కాళ్లు వాచినయి. పొద్దుగాల లేస్తే కండ్ల కింద ఉబ్బు. బాలింత నీరు, అదే గుంజుతదని వాడల ఆడోళ్లు అన్నరు. నన్నే సాహెబ్ మనసు నిలువలే. జెర బజార్లు చల్లవడంగనే టాంగా మాట్లాడి మారేడ్‌పల్లి దిక్కున్న ఆడోళ్ల దవాఖానకు తీస్కపోయిండు.

డాక్టరమ్మ పేరు శ్యామలమ్మ. మాట కటువు గని చెయ్యి మంచిది. జాన్ బీ కాలు మీద బొటనవేలు పెట్టి ఒత్తి చూసింది. పడ్డ సొట్ట లేవలే.

"రేపు లేవంగనే పోసిన ఉచ్చ సీసాల పట్టి తే, నన్నే సాహెబ్. ఈమెను లేపకు, కదిలియ్యకు, నువ్వే తే. సీసా సుత మీదే. మా దగ్గర మందు పోసేటందుకే సీసాలు లేవు."

సీసాలకు ఆయన దగ్గర కొదవా! గూట్లె ఉన్నవాట్ల అన్నిటికంటే తేటగ ఉన్నది, మూత గట్టిగ పట్టేది, ఏరి తీసిండు. మళ్ల ఒకసారి చన్నీళ్లతోని పుక్కిలిచ్చి, లుంగీ అంచుతోని తుడిచి, భార్య చేతికిచ్చిండు. ఎంత ప్రేమతోని ఇచ్చిండో అల్లాకు తెల్సు.

డాక్టరమ్మ అందులది గాజు గొట్టంల పోసి, స్పిరిట్ దీపం మీద పై భాగం కాగవెట్టింది. ముందు తేటగనే ఉన్నది. కాగంగ కాగంగ పొగమంచు లెక్క లేసింది, తర్వాత పెరుగు విరిగినట్టు తెల్లగ గడ్డలు కట్టింది. పుల్లటి సిర్కా నీళ్లు రెండు చుక్కలేసి మళ్ల చూసింది. తెలుపు పోలే. ఆమె మొఖం మాడిపోయింది.

"గుర్దాలు, అదే మూత్రపిండాలు ఉన్నయి గద, అవి జల్లెడ అనుకో. రక్తంల ఉన్న సత్తువను పట్టి ఉంచి, చెడ్డ నీళ్లనే వదుల్తయి. జల్లెడ చినిగితే సత్తువ అంత ఉచ్చల పడి కారిపోతది. ఆల్బుమిన్ అంటం. కాగవెడితే గుడ్డు సొన ఉడికినట్టు గిట్ల తెల్లగైతది."

అగో, గుడ్డు సొన అన్నది ఆమె. ఆయన చెవులారా విన్నడు సుత. పొద్దంత ఆ సొనల్నే చేతులు ముంచే మనిషి! అయినా బుద్ధికి తట్టలే. భార్య గుర్దాలు చినిగినయి అన్న మాట కాడ్నే ఆయన పానం ఆగిపోయింది, ఆ తర్వాతి మాటలు ఇగ గోడకు చెప్పినట్టే.

"ఉప్పు బంద్. గోష్ బంద్, గుడ్డు బంద్. మంచం దిగొద్దు. ఇంకొకటి, బిడ్డకు పాలియ్యొద్దు. ఆమె వంట్ల ఉన్నది ఆమెకే సాల్తలేదు."

పాలియ్యొద్దు అన్న మాట జాన్ బీకి చెప్పేటందుకు నన్నే సాహెబ్ గడప కాడ ఎంతసేపు నిలవడ్డడో. చెప్పినంక ఆమె ఏడ్వలే. పొల్లను ఎదకు పెట్టుకొని, గోడ దిక్కు తిరిగి పండుకున్నది. పాలు తాగుడు అయిపోయి, పొల్ల నిద్రవోయినా ఇడువలే.

జాన్ బీ అక్క ఖమర్ బీ కార్ఖానా అనే బస్తీల ఉంటది. ఆమెకు ఒక్క కాన్పు సుత నిలువలే. మూడోనెల, నాలుగోనెల, అట్లనే జారిపోయేటియి. ఆమె పెనిమిటి చాంద్‌పాషా నిజాం ఫౌజు గోదాంల నౌకరి చేసేటోడు. ఫౌజే లేకుంట పోయినంక గోదాం ఎక్కడిది, నౌకరి ఎక్కడిది? ఇంట్లనే కూసున్నడు. చెల్లెకు ఈ తక్లీఫ్ వచ్చిందని తెల్వంగనే ఖమర్ బీ ఉరికొచ్చి పొల్లను తీస్కపోయింది. మేకపాలల్ల నీళ్లు కలిపి, దూది వత్తి ముంచి చప్పరిచ్చేది. దినాం మధ్యాన్నం ఎత్కొచ్చి తల్లికి చూపిచ్చి పోయేది. పొల్ల గడప కాడ సప్పుడు చేస్తే మంచం మీద జాన్ బీ రవికె తడిసిపోయేది. బట్ట గట్టిగ చుట్టి కట్టుకొని పండ్లు కొరుక్కునేది.

ఉప్పు లేని గంజి తాగుకుంట ఆమె, సీసా మోసుకుంట ఆయన. కొన్ని వారాలకు వాపు సుత గుంజింది. నన్నే సాహెబ్ సంబురంగ పోయి చెప్పిండు. డాక్టరమ్మ దీపం ముట్టిచ్చింది. తెల్లగనే లేసింది.

"పైకి వాపు పోయింది గని లోపల రోగం అట్లనే ఉన్నది," అన్నది.

ప్రతిసారి ఒక మంచి సీసా ఏరుడు, ప్రతిసారి గాజుగొట్టం తెల్లగయ్యుడు. ఒకసారైతే, ముందురోజే ఖాళీ అయిన సీసా తీస్కపోయిండు. సగం గొట్టం గడ్డకట్టింది. డాక్టరమ్మ ఆయనను పక్కకు పిలిచి, "వచ్చే ఏడు ఈ దినాలకు ఆమె ఉంటదని నేను చెప్పలేను సాహెబ్, మాఫ్ చెయ్యి," అన్నది.

ఇంటికొచ్చిండు నన్నే సాహెబ్. కాళ్లు కడుక్కొని, చాప మీద తల గీక్కుంట కూసున్నడు.

"ఎన్ని దినాలన్నది?" అని అడిగింది జాన్ బీ.

"ఏం అనలే. మంచిగైతది అన్నది."

"నీకు అబద్ధం ఆడరాదు, షాహీదా అబ్బా. ఊకె ఎందుకు తిప్పలు."

గప్పుడు ఏడ్చిండు మొగోడు, చిన్నపిల్లగాని లెక్క, ఆమె మంచం కోడు పట్టుకొని.

చలికాలం వచ్చింది. చాంద్‌పాషా చిన్నాయిన కొడుకు కరాచీల ఉన్నడు, ఆడ పని ఇప్పిస్త రమ్మన్నడు. బొంబాయికి పోయి ఓడ ఎక్కాలె. ఆ సంగతి చెప్పేటందుకు ఖమర్ బీ వచ్చింది. పొల్లను చెల్లె ఒళ్ల పెట్టి, కొంగు నోట్లె కుక్కుకున్నది.

"నీ బిడ్డ నీకు అప్పజెప్తున్న, జాన్. నేను పోతున్న," అన్నది చివరికి.

జాన్ బీ పొల్ల దిక్కు చూసింది. మేకపాలకు పొల్ల మస్తు బొద్దుగైంది. బుగ్గలు ఎర్రగున్నయి. కాళ్లు ఆడిచ్చుకుంట పెద్దమ్మ దిక్కే చేతులు చాపుతున్నది.

"తీస్కపో ఆపా," అన్నది.

నన్నే సాహెబ్ దిగ్గున లేసిండు. "ఏం మాట్లాడుతున్నవ్? నేను లేనా? నేను సాకుకోనా నా బిడ్డను?"

"నువ్వు ఎట్ల సాకుతవ్? మోచేతుల దాక అట్టలంటిచ్చే లై పూసుకొని దుకాణంల ఉంటవ్. నేను పోతే నీకు ఇంకొకదాన్ని కడ్తరు, ఒద్దన్నా కడ్తరు. ఆమెకు పిల్లలైతరు. నా పొల్ల గిన్నెలు తోముకుంట పెరుగుతది. నేను మా సవితి తల్లి చేతుల పెరిగిన్న, నాకు తెల్వదా?" అన్నది జాన్ బీ. "నాకేమన్న అయ్యేటప్పుడు అది ఆపా ఒళ్ల ఉండాలె. నా పీనుగను చూసి అది బెదరొద్దు."

ఖమర్ బీ చెల్లె కాళ్లు పట్టుకున్నది. ఒద్దన్నది, బొంబాయి పోనే పోనన్నది, మళ్ల పొల్లను ఎత్తుకొని ముద్దులు పెట్టుకున్నది. పాపం, ఆమె కడుపుతీపి ఆమెది. ఒద్దు అనే నోటితోనే బిడ్డను అడుగుతున్నది. ఆమె తప్పు అని ఎవరంటరు?

సికింద్రాబాద్ టేషన్ల బొంబాయి బండి నిలవడ్డది. పెట్టెలు, మూటలు, చెంబులు, ఏడ్పులు. మంచం దిగొద్దన్న మనిషి బురఖా వేసుకొని టాంగాల వచ్చింది, నన్నే సాహెబ్ ఆపలే. కిటికీల నుంచి పొల్లను అందిచ్చినంక, బండి కదిలేటప్పుడు కూత పెట్టింది గద, ఆ సప్పుడుకు పొల్ల ఉలిక్కిపడి గుక్కపట్టి ఏడ్చింది. జాన్ బీ పాలు ఆరిపోయి నెల దాటింది. ఆ ఏడ్పు చెవిల పడంగనే మళ్ల చేపుకొచ్చినయి. బురఖా ముందటి భాగం తడిసి మచ్చలైంది. ఆమె రెండు చేతులు ఎదకు అదుముకొని అట్లనే నిలవడ్డది, బండి వెనుక డబ్బా కనుమరుగైనంక సుత.

మరుసటి దినం నుంచి మంచం ఎక్కలే. ఊడ్సింది, బట్టలు పిండింది, బావి నీళ్లు చేదింది. "ఇగ పండుకొని ఎవ్వల కోసం పానం దాచుకోవాలె?" అన్నది. ఉప్పు వేసుకొని అన్నం తిన్నది. తొందరగ పోతే తొందరగ పోత అనుకున్నది. పోలే. చలికాలం పోయి ఎండలు షురూ అయినయి. మనిషి చిక్కింది గని కాళ్లల్ల వాపు లేదు, ఆయాసం లేదు.

సీసా మోసుకపోయిన నన్నే సాహెబ్ నోట ఈ సంగతులు విని డాక్టరమ్మకు అనుమానం తగిలింది. "ఇంత ఆల్బుమిన్ పోయే మనిషి ఈపాటికి డోలు లెక్క ఉబ్బాలె. బావి నీళ్లు చేదుడేంది? ఆమెను తోల్కరా, నేను చూడాలె," అన్నది.

తోల్కపోయిండు. అలవాటు తప్పక సీసా సుత పట్టుకపోయిండు. డాక్టరమ్మ ఆ సీసా ముట్టలే. జాన్ బీకి దవాఖానల ఉన్న పింగాణీ పూత తామ్చీని గిన్నె ఇచ్చి, పర్దా వెనక్కి పంపింది. వచ్చినదాన్ని గొట్టంల పోసి దీపం మీద పెట్టింది. కాగింది. బుడగలు వచ్చినయి. తెలుపు రాలే. సిర్కా వేసింది. రాలే. ఇంకో గొట్టంల పోసి చూసింది. ఊటబావి నీళ్ల లెక్క తేటగ ఉన్నది. రక్తపోటు చూసింది, కాళ్లు చూసింది, కండ్లు గుంజి చూసింది.

"ఈమెకు ఏ రోగం లేదు," అన్నది నెమ్మదిగ. తర్వాత నన్నే సాహెబ్ చేతుల ఉన్న సీసా దిక్కు చూసింది. "అది ఇటియ్యి."

అందులది పారవోసి, కుండల నుంచి మంచినీళ్లు అందుల పోసి ఆడిచ్చింది. ఆ నీళ్లను గొట్టంల పోసి కాగవెట్టింది.

మంచినీళ్లు తెల్లగైనయి.

దీపం సన్నగ మండుతనే ఉన్నది. "ఈ సీసాల ఏం పోస్తవ్ సాహెబ్?" అని అడిగింది డాక్టరమ్మ.

నన్నే సాహెబ్ చెప్పాల్నని నోరు తెరిచిండు. ఆయన చెప్పకముందే జాన్ బీ చెప్పింది. "గుడ్డు సొన."

డాక్టరమ్మ కుర్చీల కూలవడ్డది. "ఒక్కసారి, ఒక్కసారి ఈడ్నే పట్టమని చెప్తే అయిపోవు గద. నాకు తట్టలేదమ్మా," అని నొసలు కొట్టుకున్నది.

"నాకు రోగమే లేదా?" అని అడిగింది జాన్ బీ.

"లేదమ్మా. బాలింత వాపు, అదే పోయింది."

"అయితే నా బిడ్డ?"

డాక్టరమ్మ స్పిరిట్ దీపం ఆర్పేసింది.

టాంగా ఎక్కి ఇంటికొచ్చిండ్రు. ఇంట్ల అడుగు పెట్టినంక జాన్ బీ తలుపు మూసి, మొగుని ఎద మీద రెండు చేతులతోని గుద్దింది. "గుడ్డు సొనకు ఇచ్చిన్నా నా బిడ్డను? షాహీదా అబ్బా, చెప్పు, గుడ్డు సొనకు ఇచ్చిన్నా?" అని ఊపిరి ఆడకుంట అయ్యేదాక గుద్దింది. ఆయన చేతులు కిందికి వేలాడేసి నిలవడ్డడు. చంపినా బాగుండు అనిపిచ్చింది ఆయనకు. ఆమె అలిసిపోయి, ఆయన కాళ్ల కాడ్నే కూలి, ఆయన మోకాళ్లు పట్టుకొని ఏడ్చింది. ఇద్దరికీ ఇంకెవ్వలున్నరు మరి, పట్టుకొని ఏడ్చేటందుకు!

తెల్లారి నుంచి నన్నే సాహెబ్ దఫ్తర్ల చుట్టు తిరిగిండు. పోయినోళ్లు మళ్ల రావాల్నంటే పర్మిట్ కావాలె. ఈడ్నే ఉండిపోయేటట్టు వచ్చే పర్మిట్ దొరుకుడు కష్టం. నువ్వే పోయి తెచ్చుకో అంటే, పోయినోనికి తిరిగొచ్చే భరోసా లేదు. చాంద్‌పాషా ఓడ కాయితాలల్ల పొల్లను తన బిడ్డ అనే రాయిచ్చిండు, రాయియ్యకపోతే ఓడ ఎక్కనియ్యరని. ఆయన కొలువు, ఆయన ఇల్లు ఇప్పుడు ఆడ్నే. ఏ దఫ్తర్ల అడిగినా తల అడ్డంగ ఊపుడే. చెప్పుల అడుగులు అరిగినయి, పని కాలే.

గప్పుడు మౌలా అలీ వచ్చిండు. నన్నే సాహెబ్ దోస్తు, కార్ఖానా బస్తీల బట్టలు కుట్టేటోడు. అన్న దగ్గరికి కరాచీ పోతున్నడు. సెలవు తీసుకునేటందుకు వచ్చిండు. "భాభీ, ఖమర్ ఆపాకు ఏమన్న చెప్పాల్నా?" అని పర్దా దిక్కు తిరిగి అడిగిండు.

ఆ మాట కోసమే వారం నుంచి కాసుకొని ఉన్నడు నన్నే సాహెబ్. "చెప్పు మౌలా, జాన్ బీకి ఏ రోగం లేదట, తప్పు నాదట, నా సీసాదట. ఆమె బిడ్డను ఆమెకు పంపమను. ఎట్లనన్న, ఎవ్వలతోనన్న..."

"ఆగు," అన్నది పర్దా వెనుక నుంచి జాన్ బీ.

నన్నే సాహెబ్ పర్దా దిక్కు తిరిగిండు.

"నేను బాగున్ననని తెలిస్తే ఆపా ఏం చేస్తది? ఆమె వచ్చేటట్టు లేదు, పొల్లను పంపేటట్టు లేదు. పొల్ల నవ్వితే నేను యాదికొస్త, ఏడిస్తే నేను యాదికొస్త. ఎవ్వలదో బిడ్డను దాచిపెట్టుకున్నట్టు బుగులు బుగులుగ సాకుతది. ఒక్క బుక్క సుకంగ పెట్టదు. నాకెట్లాగు బిడ్డ లేకపాయె. ఆ పొల్లకైనా నిండుగ ఒక తల్లి ఉండాలె గద." పర్దా అంచు దగ్గరికి గుంజుకున్నది. "నేను చచ్చిపోయిన్నని చెప్పు."

"తౌబా, తౌబా! ఏం మాట భాభీ అది!"

"చచ్చిపోత అనే గద తీస్కపోయింది. అట్లనే అయిందని చెప్పు. నా పేరు మీద ఫాతెహా ఇచ్చుకుంటది, ఏడుస్తది, తర్వాత పొల్లను తన బిడ్డ అనుకుంటది."

మౌలా అలీ తెల్లమొఖం వేసిండు. "ఎప్పుడు పోయినవని అడిగితే నేనేం చెప్పాలె?"

"బండి ఎక్కిచ్చిన దినమే అని చెప్పు. అది అబద్ధం సుత కాదు."

మౌలా అలీ దోస్తు దిక్కు తిరిగిండు. "నన్నే భాయ్, నువ్వు చెప్పు. నువ్వు ఒద్దంటే నేను చెప్ప."

నన్నే సాహెబ్ కాదనొచ్చు. గొంతు దాక వచ్చింది ఆ మాట. జాన్ బీ చచ్చిపోయిందని చెప్పి పంపితే, షాహీదా ఇగ ఎన్నడూ, ఎంత పెద్దదైనా, ఈ ఇంటి దిక్కు తల్లి కోసం చూడదు. గని కాదనేటందుకు ఆయనకు ఏం మొఖం ఉన్నది? తల దించుకొని, బంగారం మరకలు పడ్డ తన వేళ్ల దిక్కు చూసిండు.

"ఆమె అన్నట్టే చెప్పు మౌలా," అన్నడు. "మట్టి నా చేతులతోనే ఇచ్చిన్నని చెప్పు."